నది వైపు కంచె

తొంభైల చివర్లో నేను అమలాపురంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ముక్తేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున మాకు చిన్న కొబ్బరితోట ఉండేది. అదే మా జీవనాధారం. ఆ ఏడు వరద తీసేకొద్దీ ఒడ్డు విరిగి, రోజుకో వరస చెట్లు నీళ్ళలో పడుతున్నాయి.

ఒకరోజు లెక్కల మాస్టారు గరిష్ఠ వైశాల్యం లెక్క ఇచ్చి నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నది ఒడ్డున దీర్ఘచతురస్రాకారపు తోట. వంద మీటర్ల కంచె ఉంది. నది వైపు కంచె అక్కర్లేదు. ఎక్కువ వైశాల్యం రావాలంటే కొలతలెంత?

వెడల్పు x, పొడవు 100 − 2x అని రాశాను. నది వైపు గీత గీయబోతే చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మా, ఆగిపోయేవేం?"

"లెక్కలో నది జరగదాండీ మాస్టారూ?"

క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వేరు. "జరిగితే లెక్క ఎలా చేస్తామమ్మా? వెళ్ళి కూర్చో."

తల దించుకుని కూర్చున్నాను. సాయంత్రం తోటకి వెళితే నాన్నగారు వెదురు కంచె పీకి మోపు కడుతున్నారు.

"ఇంకా రెండు వరసల చెట్లున్నాయి కదండీ, కంచె తీసేస్తున్నారేం?" అన్నాను.

"ఎల్లుండికి అవీ ఉండవమ్మా. వెదుళ్ళైనా పొయ్యిలోకొస్తాయి," అన్నారు, నా వైపు చూడకుండానే.

ఆ లెక్కకు జవాబు నాకిప్పటికీ గుర్తే. పొడవు యాభై, వెడల్పు పాతిక. మా తోట ఎక్కడని అడిగితే మాత్రం నది నడిమధ్యకి చెయ్యి చూపిస్తాను.