మా బావగారు నేర్పిన భయం

మా అక్క భర్త, నాకు బావగారు, కిందటి నెల కాలం చేశారు. కబురు చెప్పింది మా అక్కే. తిరుపతిలో మధ్యాహ్న భోజనం ముగించి పాత పద్యమొకటి నెమరువేసుకుంటూ కూర్చున్నాను. పుత్తూరు నుంచి ఫోను వచ్చింది.

"రేయ్, మీ బావ పోయినాడురా."

"యాడక్కా? బండి మీదనా?"

"లేదురా. మంచం మీదనే. తిని పండుకున్న మనిషి, కాఫీకి లేపితే లేయలేదు."

దుఃఖం కంటె ముందు నా గుండెలోంచి ఒక దీర్ఘశ్వాస వెలువడింది. చదువరులు దీనిని కాఠిన్యమని భావించవద్దు. యౌవనం నుంచి వార్ధక్యం దాకా మోటారు సైకిలు మీదనే బతుకు గడిపిన మనిషి మంచం మీద కన్నుమూయడం మా కుటుంబంలో వరం కిందనే లెక్క. అయితే ఆ శ్వాస పూర్తిగా విడవకముందే అక్క మరొక మాట అన్నది.

"కోడలు ఏడ్చుకుంటా వానికి ఫోన్లో సెప్పేసింది. ఇప్పుడు ఎంత చేసినా ఎత్తడంలేదు. బండేసుకోని బయలుదేరినాడేమోరా. నాకు కాళ్ళాడటంలేదు."

'వాడు' అంటే బావగారి మనుమడు. చదువు ముగించి రేణిగుంట దగ్గర ఒక కర్మాగారంలో కుదురుకున్నాడు. పుత్తూరు నుంచి రోజూ మోటారు సైకిలు మీద వెళ్ళి వస్తాడు. తండ్రి లేని బిడ్డ. ఆ తండ్రి ఎలా పోయాడో చెబితే గాని మా అక్క భయం మీకు బోధపడదు.

నేను ఉన్నపళంగా బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను గాని నా కళ్ళు చెట్టూ చేమా చూడలేదు. బస్సును దాటిపోయే ప్రతి మోటారు సైకిలునూ, దానిమీది ప్రతి వీపునూ వెదికాయి.

బావగారు పశువుల డాక్టరు. ఈనలేక తల్లడిల్లే ఆవు కోసం వేళాపాళా లేకుండా పల్లెలకు వెళ్ళేవారు. వెనక సీటుకు మందులపెట్టె, నెత్తిన తెల్లటి శిరస్త్రాణం. దానిని ఎవరూ పెట్టుకోని రోజుల్లోనే ఆయన పెట్టుకున్నారు. "డాక్టరు కుండ బోర్లించుకోని వస్తాండాడు" అని పల్లెల్లో నవ్వేవారట. ఆయన ఆ నవ్వును పట్టించుకోలేదు. ఆయన ఏకైక కుమారుడు, నా మేనల్లుడు, పట్టించుకున్నాడు.

అప్పటికి పసిబిడ్డ తండ్రి అయిన ఆ అబ్బాయి ఒకనాటి సాయంత్రం బండి మీద నారాయణవనం దాకా వెళ్ళాడు. "ఈ పక్కకే గదా" అని శిరస్త్రాణాన్ని మేకుకే వదిలి వెళ్ళాడు. తిరుగు దారిలో మలుపు దగ్గర కంకర మీద చక్రం జారింది. పడినవాడు తానే లేచి కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, చుట్టూ చేరినవాళ్ళతో మాట్లాడాడు. ముంజేయి మాత్రం వంకర తిరిగిపోయి ఉంది. మా ప్రాంతంలో ఎముక విరిగిందంటే వేరే ఆలోచన ఉండదు. పుత్తూరు కట్టుకు పోవలసిందే. పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టే ఆ కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కట్టు వేసే ఊరు కూతవేటు దూరంలో ఉన్నందున జనం కనిపించే చేతిని చూశారు, కనిపించని తలను గురించి అడగలేదు. అడిగినవాడు కట్టు వేసే పెద్దాయనే. చేయి ముట్టుకోకముందే అబ్బాయి కళ్ళలోకి చూశాడట.

"అబ్బయా, వాంతి ఏమన్నా అయిందా?"

"దోవలో ఒకసారి అయింది."

"అట్లయితే చెయ్యి ఈపొద్దు కాకపోతే రేపు కడతా. ముందు తలకాయ సూపించండి. తిరుపతికి తీసకపోండి."

తిరుపతి దారిలో వడమాలపేట దాటకముందే మా మేనల్లుడు మాటలు మానేశాడు.

ఆ తరవాత చాలాకాలం బావగారు ఎక్కువగా మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు మాత్రం ఆ మాట మనిషిని వదిలేది కాదు. ఒకసారి పుత్తూరు టీ కొట్టు దగ్గర నేను ఆయనతోనే ఉన్నాను. ఉత్త తలలతో రయ్యిన వచ్చి దిగిన కుర్రవాళ్ళను ఆయన మెత్తగా మందలించారు. అందులో ఒకడు నవ్వాడు.

"పడితే పుత్తూరు ఉండాది గదా సార్. మనూళ్ళోనే కట్టు పెట్టుకోని బయమెందుకు?"

బావగారు గ్లాసు కింద పెట్టారు. "కాలిరిగితే పుత్తూరు ఉండాది. చెయ్యిరిగితే పుత్తూరు ఉండాది. తలకాయ పగిలితే యే ఊరుండాది, నాయనా?"

కొట్టు ఆసామి ఆ పూట ఆయన దగ్గర టీ డబ్బు తీసుకోలేదు.

కొడుకు పోయిన తరవాత బండి అమ్మేయమని అక్క పట్టుబట్టింది. ఆయన అమ్మలేదు. "అమ్మితే ఆవుల కాడికి నడిచి పోవాల్నా? బండి వానిని సంపలేదు. బయం లేకపోవడం సంపింది" అన్నారు. ఆ మాట మీద మా ఇద్దరికీ చిన్న వాదమే జరిగింది. దైవీగుణాలను వరుసగా చెప్పే చోట పెద్దలు మొట్టమొదట నిర్భయత్వాన్నే చెప్పారని నేనన్నాను.

"అది మీ తరగతిలో, అయ్యవారూ" అన్నారాయన. నేను పంతులునైన నాటి నుంచి ఆయనకు నేను అయ్యవారినే. "ఈ రోడ్డు మీద యే గుణం చెప్పినారో అది సూసి చెప్పు."

కొంచెం ఆలోచించి, పాపభీతిని కూడా శాస్త్రం గుణంగానే ఎంచిందని, ఒకరికి కీడు చేస్తానేమోనన్న వెరపు ధర్మానికి కాపలా వంటిదని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "సూసినావా, నీ పుస్తకాల్లో కూడా బండి నడపడం తెలిసినోడు ఒకడుండాడు."

ఆయన వెనక కూర్చుని నేను చాలా ఊళ్ళు తిరిగాను. బండి నడుపుతున్నంత సేపూ శిరస్త్రాణం లోపలి నుంచి ఏదో సన్నని గొణుగుడు వినిపించేది. జపమనుకున్నాను. ఒకసారి కాణిపాకం దారిలో ఆగినప్పుడు, ఏ మంత్రమని భక్తితో అడిగాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

"మంత్రమా? లారీ వస్తే 'లారీ సూడలే' అనుకుంటా. ఆటో వస్తే 'ఆటో సూడలే'. కుక్క నిలబడుంటే 'కుక్క సూడలే'. వాళ్ళు మనల్ని సూసినారని నమ్మినోడే పడేది. ఎవురూ సూడలేదనుకుంటే మన సెయ్యి మనకు తెలియకుండానే బ్రేకు మీదకు పోతుంది."

శరీరం రథమని, బుద్ధి సారథి అని నేను ఎన్నో ఏండ్లు పాఠం చెప్పాను. ఆ సారథి ఇలా గొణుగుతూ ఉంటాడని ఆ రోజు దాకా నాకు తోచలేదు.

మనుమడు పెద్దవాడై బండి కావాలన్నప్పుడు అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. బావగారు ఒప్పుకున్నారు. "వద్దంటే ఎవురి బండిమీదో దొంగతనంగా నేర్చుకుంటాడు. నేనే నేర్పిస్తా" అన్నారు. కొత్త బండికి పూజ చేయించడానికి అందరం కాణిపాకం వెళ్ళాం. మా వైపు మనుషులు ఆ స్వామి ఎదుట ప్రమాణం చేసి తప్పడానికి సాహసించరు. తాగుబోతులు తాగుడు మానడానికి అక్కడికే వస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, మనుమడి చేత ప్రమాణం చేయించమని అక్క భర్తను వేడుకుంది.

"సేయించను" అన్నారాయన. "ప్రమాణం చేసినోడు సామికి బయపడతాడు. సామి గుడిలో ఉండాడు, క్షమిస్తాడు. అబ్బీ, నువ్వు రోడ్డుకు బయపడు. దానికి క్షమించడం రాదు."

అని మనుమడి గడ్డం కింది శిరస్త్రాణం పట్టీని రెండు వేళ్ళతో లాగి చూశారు. తరవాత వాడు గడప దాటే ప్రతి ఉదయమూ అలాగే లాగి చూసేవారు. ఉద్యోగస్థుడైన మనుమడు సిగ్గుపడుతూనే తల వంచేవాడు.

ఆయన పాటించిన నియమం మరొకటి ఉంది. కోపం వచ్చినా, కళ్ళలో నీళ్ళు నిండినా, తొందర పుట్టినా ఆయన బండి ముట్టుకునేవారు కారు. "సావు కబురు ఇన్నోడు తాగినోడితో సమానం" అనేవారు. తల్లి పోయిందని పల్లె నుంచి కబురు వచ్చిన రోజున బండి వాకిట్లో ఉండగానే బస్సెక్కి వెళ్ళారు. బస్సు ఆలస్యమైంది. పాడె కట్టి కాచుకొని ఉన్న దాయాదులు మొహం మీదే దెప్పారు. ఆయన "ఆలీసంగానైనా వచ్చినాను గదా" అని మాత్రం అని, కొరివి అందుకున్నారు.

ఈ తలపోతలో ఉండగా రేణిగుంట దాటిన కొంతసేపటికి బస్సు నెమ్మదించింది. రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పక్కకు పడి ఉన్న మోటారు సైకిలు చక్రం ఒకటి కనిపించింది. చక్రం మాత్రమే కనిపించింది. నేను లేచి నిలబడ్డాను. బండి రంగు చూడాలని మెడ చాచాను. మనుమడిది ఎర్రటి బండి. ఎవరో భుజాలు అడ్డం వచ్చాయి. బస్సు ఆగకుండా ముందుకు సాగింది. కండక్టరును అడిగాను. "ఎవురో తెలియదు సామీ. పిల్లోడే అంటాండారు" అన్నాడతడు. కంఠస్థమైన వేయి పద్యాల్లో ఒక్క పాదం కూడా ఆ క్షణాన నాకు తోడు రాలేదు. ఆ మిగిలిన దారి ఎంత పొడవో నేను చెప్పలేను.

ఇంటికి చేరేసరికి బావగారిని హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. నిద్రపోతున్నట్టే ఉన్నారు. అక్క ఆయన వైపు చూడడం లేదు, వాకిలి వైపు చూస్తోంది. కోడలు మళ్ళీ మళ్ళీ ఫోను చెవికి ఆనించుకొని దించుతోంది. నేను దారిలో చూసినది ఎవరికీ చెప్పలేదు. వీధిలో ఏ బండి చప్పుడైనా ముగ్గురమూ ఒకేసారి తలలెత్తేవాళ్ళం. అది దాటిపోగానే ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా తలలు దించుకునేవాళ్ళం.

బండి చప్పుడేదీ లేకుండానే వాడు వచ్చాడు. బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. చేతిలో శిరస్త్రాణం ఉంది. చెంపల మీద కన్నీళ్ళు ఎండి చారలు కట్టాయి. అక్క లేచి వాడి రెండు భుజాలూ పట్టుకొని ఊపేసింది.

"యాడ సచ్చినావురా ఇంతసేపు? ఫోను ఎందుకు ఎత్తలేదు?"

"ఫోను బండి సంచిలోనే మరిచిపోయినా అవ్వా. బండి కంపెనీ కాడనే పెట్టేసినా. తాళం తిప్పినాను. కండ్లలో నీళ్ళు నిండినాయి. తాత చెప్పినాడు గదా..." అంటూ ఆగిపోయి, తాత వైపు చూశాడు. "ఆలీసంగానైనా వచ్చినాను గదా."

అప్పుడు మా అక్క మొదటిసారిగా భర్త కోసం ఏడ్చింది. నేను కూడా. దారిలో పడి ఉన్నది వేరే ఇంటి బిడ్డ బండి అని నా మనసు అప్పుడే లెక్క కట్టింది. ఆ వేరే ఇంటి వాకిట్లో ఆ వేళకు ఎవరు తలలెత్తి వింటున్నారో అన్న తలపు నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

కర్మకాండ ముగిసిన మరునాటి ఉదయం నేను తిరుగు ప్రయాణమయ్యాను. మనుమడు తాత పాత బండిని బయటికి తీశాడు, బస్టాండు దాకా దిగబెడతానన్నాడు. మేకుకు వేలాడుతున్న తెల్లటి శిరస్త్రాణాన్ని తెచ్చి నా తలమీద పెట్టాడు. నాకది కాస్త వదులు. లోపల పశువుల మందు వాసన, ఆయన తలనూనె వాసన కలిసి ఉన్నాయి. వాడు నా గడ్డం కింది పట్టీ బిగించి, రెండు వేళ్ళతో లాగి చూశాడు. తరవాత తన పట్టీని తానే లాగి చూసుకున్నాడు.

బజారు కూడలి దగ్గర ఎదురుగా ఒక లారీ వస్తోంది. నేను వాడి చొక్కా గట్టిగా పట్టుకున్నాను. బండి వేగం తగ్గింది. సైగ ఏదీ లేకుండా లారీ మా ముందునుంచే పక్క వీధిలోకి తిరిగింది. అప్పటికే మా బండి ఆగి ఉంది. మనుమడి కాలు నేలను ఆనుకొని ఉంది. లారీ రేపిన దుమ్ములో, వాడి శిరస్త్రాణం లోపలి నుంచి, సన్నగా, ఎవరి కోసమూ కానట్టు ఒక గొణుగుడు వినిపించింది.

"లారీ సూడలే."