నూతి పక్క చెట్టు నుంచి వచ్చిన ఫోను

దెయ్యాలను నమ్మేవారితో వాదించి రెండు మూడు స్నేహాలు పోగొట్టుకున్న మనిషిని నేను. రెవెన్యూ కచేరీలో హెడ్ గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఏ రోజు సంగతి ఆ రోజే కాగితం మీద పెట్టడం నా అలవాటు. ఇక్కడ చెబుతున్నది అలా పెట్టుకున్నదే.

తొంభైల చివర మా స్టేషన్ ఎస్సై ఒక పద్ధతి పెట్టారు. నేరం చూసినవారు స్టేషన్‌కు రానక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంటికి ఫోన్ చేసి చెబితే చాలు. ఆ పెద్దమనిషిగా నన్ను ఎంచుకున్నారు. ఆకాశరామన్న ఉత్తరాలను ఉద్యోగమంతా అసహ్యించుకున్నవాణ్ణి. అయినా సాక్షులు నోరు మెదపని ఊరికి వేరే దారి లేదని ఒప్పుకున్నాను. నియమం ఒక్కటే: పేరు అడగకూడదు.

ఆ ఎండాకాలం, అంబాజీపేట దారిలో, కొబ్బరి వర్తకుడు వెంకన్నగారిని ఆయన తోటలోనే పట్టపగలు నరికి చంపారు. తోటను ఆనుకునే రోడ్డు. రోడ్డవతల కాయలు ఒలిచేవాళ్ళు, లారీకి ఎత్తేవాళ్ళు. ఒక్కరూ చూడలేదట! శవాన్ని మొదట చూసి, ప్రాణముందేమోనని ఒళ్ళోకి ఎత్తుకున్నవాడు ఏసుబాబు అనే ఒలుపు కూలీ. చొక్కా నిండా నెత్తురు. పోలీసులకు అంతకన్న సులువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతాడు?

మూడో రోజు అతని భార్య మరియమ్మ మా వరండాలో కూలబడింది.

“లాఠీతో కాదండీ బాబుగారూ, రోకలితో కొడతన్నారండీ. కుడిచెయ్యి వాచిపోయి గుమ్మడికాయైపోయిందండీ. రేపటికి ఒప్పేసుకుంటాడండీ. ఒప్పుకోపోతే చచ్చిపోతాడండీ.”

“ఎవరైనా ఫోన్ చేస్తారేమో చూద్దామమ్మా.”

“మాకోసం ఎవడు చేత్తాడండీ?”

ఆమె అక్కడుండగానే ఫోన్ మోగింది.

“పేరు చెప్పక్కర్లేదన్నారు కదండీ?” మగ గొంతు, గుసగుసగా. వెనక గాలికి కొబ్బరి మట్టలు కొట్టుకుంటున్న చప్పుడు.

“అక్కర్లేదు. చెప్పండి.”

“చెట్టు మీదున్నానండీ. దిగడానికి లేదండీ, కిందే ఉన్నారు. వెంకన్నగార్ని ఆయన బావమరిది సూర్రావు నరికేత్తన్నాడండీ.”

వెంకన్నగారి దహనం అప్పటికే అయిపోయింది. ఆ మాట నాకు తట్టనే లేదు. చెవిలో పడుతున్న దెబ్బలు అలాంటివి. లేత బొండాన్ని కత్తితో చెక్కుతున్నట్టు, తడిగా.

“చెయ్యడ్డం పెట్టేరండీ. వేళ్ళు తెగి ఎగిరిపోయేయి. పడిపోయేరు. మెడ మీద వేసేడు. ఇంకా వేత్తన్నాడు. పోయేరు కదండీ, ఇంకా ఎందుకండీ?”

“అరవండి! రోడ్డు మీదివాళ్ళని పిలవండి!” అంటూ నేనే అరిచాను.

“అరుత్తానే ఉన్నానండీ. ఎవరూ తలెత్తట్లేదండీ.”

దెబ్బల చప్పుడు ఆగింది.

“కత్తి విసిరేసేడండీ. కొట్టుగది మీద, రెండు పెంకు కప్పులూ కలిసే మడతలో పడింది. ఇదిగో, ఏసుబాబొత్తన్నాడండీ, పాపం.”

“మీరు ఏ చెట్టు మీద ఉన్నారు?” అడగకూడనిది పేరు మాత్రమే కనుక ఈ మాట అడిగాను.

“నూతి పక్క చెట్టండీ.”

తరువాత గాలి ఒక్కటే. అదీ ఆగిపోయింది.

వెంటనే స్టేషన్‌కు వెళ్ళి చెబితే ఎస్సై నవ్వారు. “మీరే ఆకాశరామన్న అయిపోయేరేంటండీ గుమస్తాగారూ?” నిచ్చెన వేయించేదాకా నేను స్టేషన్ గుమ్మం వదలలేదు. కత్తి చెప్పిన చోటే ఉంది, నెత్తురు ఎండి. పిడికి చుట్టిన ఎర్ర సైకిల్ ట్యూబు. అది సూర్రావు కత్తి అని తోటలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ సాయంత్రమే సూర్రావు ఒప్పుకున్నాడు. మర్నాడు ఏసుబాబును వదిలారు. ఆ కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. కొట్టినవాళ్ళ మీద నేను పెట్టిన అర్జీకి నేటికీ జవాబు లేదు.

నూతి పక్కన ఉన్నది ఒకే ఒక చెట్టు. పెద్ద తుపానుకు తల విరిగిపోయిన మోడు. చెట్లెక్కి కాయల దింపు తీసే అతన్ని ఎక్కి చూడమన్నాను. పాదం మోపగానే మాను పొట్టులా రాలింది.

“దీనికి తల ఏదండీ? పిట్ట కూడా కూర్చోదండీ” అన్నాడు.

మట్టలే లేని చెట్టుకు మట్టల చప్పుడు ఎక్కడిది? సెల్ ఫోన్లు అప్పటికింకా మా వైపు రాలేదు. చూసినవాడెవడో భయపడి, ఇంకెక్కడినుంచో నాటకమాడి చెప్పాడని ఎస్సై తేల్చేశారు. నేనూ అలాగే నమ్మాలని చూశాను. కాని కప్పు మడత నేల మీది నుంచి కనబడదు. మిగతా చెట్లన్నీ ఎక్కించి చూశాను. మామిడి గుబురు అడ్డం. ఆ మోడుకు తల ఉండవలసిన చోటు నుంచి తప్ప అది కనబడే వీలు లేదు.

ఆ తరువాత మా పెరటి గుమ్మానికి మనుషులు రావడం మొదలైంది. కాయలు ఒలిచినవాడు, లారీకి ఎత్తినవాడు, టీ కొట్టు అతను. విడివిడిగా, తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని.

“ఆ ఫోను చేసింది నేను కాదండీ బాబుగారూ. సూర్రావు మనుషులడిగితే కాత్త చెప్పండి.”

పిల్లల మీద ఒట్లు వేశారు. తాము నిజం చెప్పలేదని రుజువు చేసుకోవడానికి అంత ఆరాటపడిన మనుషులను నేను వేరెక్కడా చూడలేదు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా ప్రతివాడి గొంతూ శ్రద్ధగా విన్నాను. వాళ్ళు అబద్ధమాడలేదు. అది వారిలో ఎవరి గొంతూ కాదు. ఎవరిదో నేను ఇప్పటికీ చెప్పలేను.