కంట్లో ఇనుప నలుసు

ఆ పరీక్షశాలలో ఆమెను అందరూ నిదానమ్మ అంటారు. మందుల నమూనాలు తూచడం ఆమె పని. త్రాసు అద్దం తలుపు వేసి, అంకె కదలడం మానేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఉద్యోగం పర్మినెంటు కాదు, ఏడాదికోసారి పొడిగింపు. పొడిగింపు దగ్గర పడేకొద్దీ ఆ శాలలో తాత్కాలికపు వాళ్లందరి నోటా ‘సార్’, ‘మేడమ్’ ఎక్కువవుతాయి. దగ్గులు, తుమ్ములు, నడుం నొప్పులు మాయమవుతాయి. జబ్బు మనిషన్న పేరొస్తే పొడిగింపు రాదని అక్కడ గోడలకూ తెలుసు.

ఈసారి పైవాళ్లు పోటీ పెట్టారు. ఒక మాత్రలో అసలు మందెంత ఉందో ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంతో తేల్చడం నేర్పుతారు. ముగ్గురేసి జట్లుగా, చేత్తో చేస్తూనే నేర్చుకోవాలి, నేర్చుకుంటూనే పోటీ పడాలి. గెలిచిన జట్టు పర్మినెంటు.

పని చెప్పుకోవడానికి తేలికే. బరువు తెలిసిన శుద్ధమైన పదార్థం కొంత, తేల్చాల్సిన మందు కొంత తూచి, కలిపి కరిగించి, సన్నటి గాజుగొట్టంలో పోసి, యంత్రంలోకి వదలాలి. తెరమీద రెండింటి గీతలూ శిఖరాల్లా లేస్తాయి. తెలిసినదాని శిఖరమే తూకపురాయి. దాని పక్కన పెట్టి చూస్తే తెలియనిది ఎంతో లెక్క తేలిపోతుంది.

యంత్రమంటే నిలువెత్తు తెల్లటి పీపా, దాని కడుపులో అయస్కాంతం. నేర్పే మాస్టారు మొదటిరోజే దారం చివర గుండుసూది కట్టి చూపించారు. సూది కిందికి వేలాడలేదు. దారాన్ని బిగలాగి, పీపా వైపు తిరిగి, గాల్లో అడ్డంగా నిలబడింది.

“కరెంటు పోయినా దీని బలం పోదు. నిద్రపోని జంతువనుకోండి. ఒంట్లో ఇనుము, పేస్‌మేకర్‌లాంటివి ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?” అన్నారాయన.

“మా ఆవిడ నాది ఇనుప గుండె అంటుంది సార్. అదీ లెక్కేనా?” అన్నాడు నిదానమ్మ జట్టులోని వాగుడుకాయ. అతన్ని రేడియో అంటారు. గది గొల్లుమంది. మాస్టారూ నవ్వి తర్వాతి మాటలోకి వెళ్లిపోయారు.

నిదానమ్మ కూడా నవ్వింది. ఆమె ఎడమకంటి వెనకాల ఇనుప నలుసు ఉంది.

ఆమె తండ్రిది సానపట్టే షెడ్డు. ఒక ఫ్యాక్టరీకి ఇనుప ముక్కలు నున్నచేసి ఇచ్చేవాడు. ఫ్యాక్టరీ ముక్కలిచ్చింది గానీ కళ్లద్దాలివ్వలేదు. తండ్రీకూతుళ్లకు కలిపి ఒకటే జత. సానచక్రం ముందు ఎవరుంటే వాళ్లవి. ఒకరోజు తండ్రి చక్రం మీద ఉండగా ఆమె పక్కన నిలబడి అన్నం తినడానికి రమ్మని పిలిచింది. నిప్పురవ్వ ఎగిరి ఆమె ఎడమకంట్లో పడింది. డాక్టరు ఒక నలుసు తీశాడు. రెండోది లోతుకు పోయింది, కెలికితే చూపే పోవచ్చన్నాడు. “కదలనంతకాలం ఏమీ కాదు. అయస్కాంతపు స్కానింగులకు మాత్రం జన్మలో వెళ్లొద్దు” అన్నాడు.

ఒకసారి ఇంకో కంపెనీలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ నిజమే చెప్పింది. కబురు చేస్తామన్నారు. చేయలేదు. ఒకచోట ఒంటికి తగిలిన దెబ్బను ఇంకోచోట నేరంలా దాచుకోవలసి రావడం మన కార్ఖానాల నీతి.

మాస్టారి నియమం ఒకటే: “అందరూ అన్నీ చేయాలి. ఒకడు చేస్తుంటే ఇద్దరు చూడ్డం కాదు నేర్చుకోవడమంటే.” నియమం మంచిదే. కానీ గొట్టం లోపలికి వదలాలంటే చెక్కమెట్లెక్కి, పీపా నోటిమీద మొహం పెట్టి వంగాలి.

నేర్చుకునే రోజుల్లో ఆమె తప్పించుకుంది. “నా వంతు నువ్వెక్కు, నీ గొట్టాలు నేను కడుగుతా” అని రేడియోతో బేరం పెట్టింది. అతనికి పండగే. యంత్రం చుట్టూ నేలమీద హద్దుగా గీసిన పసుపు గీత దాటకుండా, సింకు దగ్గర నిలబడి గొట్టాలు కడుగుతూ, పీపా వైపు వీపు పెట్టి ఉండేది. వీపు పెట్టినా అది చూస్తూనే ఉన్నట్టుండేది.

పోటీ రోజు పొద్దున తల్లి టిఫిన్ డబ్బా చేతికిస్తూ, “నోరు జారకే. ఒక్కసారి వంగి లేస్తే ఏమవుతుంది? ఇన్నేళ్లు కదలనిది ఇవాళే కదులుతుందా?” అంది.

తండ్రి చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మంలో చాలాసేపు వంగి ఉండిపోయాడు.

పోటీలో మొదటి గొట్టం రేడియో వదిలాడు. రెండోది టీచరమ్మ. ఆమె స్కూలు మూతపడి ఇక్కడికొచ్చిన సైన్సు టీచరు, జట్టులో మూడో మనిషి. రెండు అంకెలూ దగ్గరగా వచ్చాయి. మూడోదీ కలిస్తే గెలుపే. మూడో వంతు నిదానమ్మది. ఇవాళ బేరం చెల్లదు, మాస్టారు మార్కులు వేసే పలక పట్టుకుని పక్కనే ఉన్నారు.

మొదటి మెట్టెక్కింది. రెండో మెట్టు. ఎడమకంట్లో నీళ్లు తిరిగాయి. అయస్కాంతం లాగిందో, భయం లాగిందో తెలియలేదు. కంటి వెనక ఏదో తల తిప్పినట్టనిపించింది. పైన గుండ్రటి నోరు నల్లగా కనబడుతోంది.

“ఎక్కు తల్లీ, ఎక్కు! అవతలివాళ్లు అప్పుడే లెక్కల్లో పడ్డారు” అన్నాడు రేడియో.

“భయమా అమ్మాయ్? కళ్లు మూసుకుని వదిలెయ్” అంది టీచరమ్మ.

కళ్లన్న మాటకు ఆమె కాళ్లు బిగుసుకుపోయాయి. ఎక్కలేదు. మెట్టు తర్వాత మెట్టు వెనక్కి దిగి, గీత దాటి, గోడదాకా వెళ్లి ఆగింది.

“సార్, నా కంట్లో ఇనుము ఉంది.”

మాస్టారి మొహం పాలిపోయింది. “అడిగాను కదమ్మా! మొదటిరోజే అడిగానా లేదా?” అని అరిచారు. ఆ అరుపులో కోపం కన్నా వణుకే ఎక్కువ.

“అడిగారు సార్. చెప్తే ఉంచుతారా?”

ఆయన ఆమె చేతిలోని గొట్టం తీసుకుని పక్కన పెట్టి, పైకి కబురు పంపారు.

కబురు అంది పెద్దాఫీసరు వచ్చాడు. విషయమంతా నిలబడే విన్నాడు. “గొట్టం పడలేదు కాబట్టి ఆ వంతుకు సున్నా. నియమం అందరికీ ఒకటే” అన్నాడు.

“నియమం ఒకటే సార్, కళ్లే ఎవరివి వాళ్లవి” అంది టీచరమ్మ. సున్నా ఆమెకూ పడుతోంది.

ఆఫీసరు ఆమె వైపు చూడలేదు. “ఈ అమ్మాయిని ఉంచాలా వద్దా అన్నది వేరే సంగతి. రేపు పదింటికి నా గదికి రమ్మనండి” అని మాస్టారితో చెప్పి వెళ్లిపోయాడు.

అవతలి జట్టు గెలిచింది. చప్పట్లలో రేడియో చేతులు కలపలేదు. బస్టాపుదాకా ఆమె పక్కనే నడిచాడు గానీ అతని నోట మాట లేదు. అతను మాట్లాడకపోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

చివరికి, “నాతో చెప్పుంటే రోజూ నేనే ఎక్కేవాణ్ణి కదక్కా, గొట్టాలు కడిగించుకోకుండా” అన్నాడు.

“పోటీలో?”

అతను రోడ్డు వైపు చూస్తూ, “పోటీలో... తెలీదక్కా. మాకో పాప ఉంది” అన్నాడు. అబద్ధం ఆడలేదని ఆమెకు అతనిమీద గౌరవం కలిగింది, దిగులూ వేసింది.

తండ్రి వీధి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే గడ్డం పట్టుకుని, వెలుగు వైపు తిప్పి, ఎడమకంట్లోకి చూశాడు. ఆయన వేళ్లు గరుకుగా, చల్లగా ఉన్నాయి.

“ఎక్కలేదు నాన్నా” అంది.

ఆయన వదిలేసి పక్కింటి అరుగుమీద కూలబడ్డాడు. “మరి ఉద్యోగం?” అన్నాడు.

“రేపు పదింటికి రమ్మన్నారు.”

“నేనూ వస్తా.”

“నువ్వెందుకు నాన్నా?”

“ఆ నలుసు ఏ ఫ్యాక్టరీ పని చేస్తుంటే పడిందో చెప్పాలిగా” అన్నాడు. ఆమె చెయ్యి అందించింది. ఆయన దాన్ని పట్టుకుని లేచాడు.