నడుము వదులు చెయ్యని టైలరు

ఈ టైలరుకి ఉన్నది ఒకే ఒక్క తిక్క. కాళ్ళా వేళ్ళా పడినా సరే, ప్యాంటు నడుము వదులు చెయ్యడు. చిరుగు కుడతాడు, జిప్పు మారుస్తాడు, అన్న కోటు తమ్ముడికి సరిపోయేలా కుదించి ఇస్తాడు. నడుము దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండికేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని టేపు మావయ్య అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నిద్రలో కూడా తియ్యడని ఒక వదంతి ఉంది, దాన్ని ఆయన భార్య ఇంతవరకూ ఖండించలేదు.

ఒకసారి ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు ఒకాయన సంచీ నిండా ప్యాంట్లు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు.

"కాస్త లూజు చెయ్యండి మావయ్యా. ఉతికితే బట్ట ముడుచుకుపోయింది."

"బట్ట ముడుచుకోలేదు. మనిషి విచ్చుకున్నాడు."

"సరే, అలాగే అనుకోండి. ఎప్పటికిస్తారు?"

"బీపీ ఎప్పుడు చూపించుకున్నావో అది చెప్పు ముందు."

"నేనొచ్చింది టైలరు దగ్గరికా, డాక్టరు దగ్గరికా?"

"డాక్టరు దగ్గరికెళ్ళాల్సినవాడివి దారి తప్పి ఇక్కడికొచ్చావు. పనిలో పని షుగరు కూడా చూపించుకో."

కాంట్రాక్టరు ప్యాంట్లన్నీ సంచీలో కుక్కుకుని పక్కవీధి టైలరు దగ్గరికి పోయాడు. ఆ పక్కవీధి టైలరు టేపు మావయ్య పుణ్యమా అని సొంతిల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు కట్టింది కూడా ఈ కాంట్రాక్టరే.

అలాగని మావయ్య కర్కోటకుడేం కాదు. కడుపుతో ఉన్నవాళ్ళ బట్టలూ ఎదిగే పిల్లల బట్టలూ అడక్కుండానే వదులు చేసి ఇస్తాడు. ఆయన కన్ను పొట్టల మీదా సిగరెట్ల మీదా మాత్రమే. సిగరెట్లు తాగేవాడికి చొక్కా కుడితే జేబు ఎంత సన్నగా పెడతాడంటే, అందులో సిగరెట్టు పెట్టె పట్టదు, అగ్గిపెట్టె కూడా పట్టదు.

"ఇందులో బస్సు టికెట్టు కూడా దూరడం లేదు మావయ్యా."

"బస్సెందుకు? నడువు."

ఈ తిక్కకి అందరికంటే ఎక్కువగా బలైపోయినవాడు ఆయన సొంత బావమరిది. నలభై దాటినా పెళ్ళి ధ్యాస లేని మనిషి. దుకాణం పైన మేడగదిలో ఉంటాడు, అక్క చేతి వంట తింటాడు. మొదట్లో అందరిలాగే తనూ బావ తిక్క చూసి నవ్వేవాడు. పరాయివాళ్ళ ప్యాంట్ల మీద ఉన్నంతసేపూ ఏ తిక్కయినా ముచ్చటగానే ఉంటుంది.

బావమరిది పని పోస్టాఫీసులో, పార్సిళ్ళ కౌంటరు దగ్గర. అక్కడ అతని కుర్చీకి చక్రాలుండటంతో తనకి కాళ్ళున్న సంగతి మరిచిపోయాడు. పార్సిలు తూచాలన్నా, జిగురు సీసా అందుకోవాలన్నా కుర్చీతో సహా దొర్లుకుంటూ వెళ్ళేవాడు. దొర్లడం వల్ల అలసట కలిగినప్పుడల్లా ఒక సిగరెట్టు తాగేవాడు. సాయంత్రం ఇంటికొస్తూ బేకరీలో రెండు పఫ్ఫులూ ఉప్పు జల్లిన చిప్సూ తిని, ఆకలి వేస్తోందని అక్కతో చెప్పేవాడు.

ఒకరోజు ఆఫీసుకి డాక్టరొచ్చి, రక్తపరీక్షల రిపోర్టులు ముందు పెట్టుకుని అందర్నీ పరీక్ష చేశాడు. బావమరిది చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ కొట్టి చూశాడు.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"లేరండి. గుండెపోటు. అప్పటికి యాభై కూడా నిండలేదు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "వంశంలో వచ్చినదాన్ని మీరూ మార్చలేరు, నేనూ మార్చలేను. కానీ ఈ బీపీ, ఈ కొలెస్ట్రాలు, సిగరెట్లు, ఈ పొట్ట, ఈ కూర్చోవడం, ఇవన్నీ మనం పట్టించుకుంటే తగ్గేవే. ఇలాగే వదిలేస్తే మీ నాన్నగారి దారి మీకెంతో దూరం లేదు."

రాత్రి భోజనాల దగ్గర బావమరిది ఈ సంగతంతా వేళాకోళంగా చెప్పాడు. "మన వంశంలో మగాళ్ళ గుండె మెత్తన అక్కా. అది డాక్టర్లకేం తెలుస్తుంది?" అన్నాడు. అక్క నవ్వలేదు. బావ కూడా నవ్వలేదు, టేపు కొస వేలికి చుట్టుకుంటూ గబగబా తిని లేచిపోయాడు.

ఆ వారం నుంచే ప్యాంట్లు బిగుతవడం మొదలైంది.

ఆదివారం బావ ఇస్త్రీ చేసి పంపేవాడు. సోమవారం తొడుక్కుంటే బొత్తం కాజా దాకా రానని భీష్మించేది.

"నీ ఇస్త్రీకి నా ప్యాంట్లు ముడుచుకుపోతున్నాయి బావా."

"మరి చొక్కాలెందుకు ముడుచుకోవడం లేదురా?"

బావమరిది ఆ సాయంత్రం నుంచి ఒక పఫ్ఫు తగ్గించాడు. తర్వాతి సోమవారానికి ప్యాంటు ఇంకా బిగిసింది. రెండో పఫ్ఫు కూడా మానేశాడు. ఇంకా బిగిసింది. చివరికి ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర గట్టిగా తుమ్మితే, నడుం దగ్గరి బొత్తం ఎగిరి ఎదురుగా ఉన్న ఒకావిడ పార్సిలు మీద పడింది.

"దీనికి కూడా స్టాంపు అంటించాలా అండీ?" అని అడిగిందావిడ.

ఆ రోజు పట్టుకుంది భయం. తినకపోయినా ఒళ్ళొస్తోందంటే లోపలేదో ముదిరిపోయిందనుకున్నాడు. తెల్లారి లేచి నడవడం మొదలెట్టాడు. డాక్టరు రాసిన బీపీ బిళ్ళలు సొరుగులోంచి తీసి వేసుకున్నాడు. కూరలో ఉప్పు తగ్గించమని అక్కని తనే అడిగాడు. సిగరెట్ల దగ్గర మాత్రం నానా యాతనా పడ్డాడు. మానేశాడు, మళ్ళీ మొదలెట్టాడు, కనపడ్డవాళ్ళందరి మీదా విసుక్కున్నాడు, ఎలాగో మానేశాడు. ప్యాంటు మాత్రం కరుణించలేదు.

కొన్నాళ్ళకి వణుక్కుంటూ డాక్టరు దగ్గరికెళ్ళాడు. డాక్టరు తూకం చూసి నవ్వాడు, బీపీ చూసి ఇంకా నవ్వాడు.

"బ్రహ్మాండంగా తగ్గారు. బట్టలన్నీ వదులైపోయి ఉండాలే?"

"బిగుసుకుపోయి చస్తున్నానండి."

డాక్టరు నవ్వు ఆపేశాడు. నీరు పట్టిందేమోనని కాళ్ళు నొక్కి చూశాడు, పొట్ట తట్టి చూశాడు. ఏమీ తోచక ప్యాంటు నడుంపట్టీ వెనక్కి తిప్పి చూశాడు.

"ఈ ప్యాంటు ఎవరు కుట్టారు?"

"మా బావ."

"ఎన్నిసార్లు?"

బావమరిది మండిపడుతూ ఇంటికొచ్చి, బీరువాలో ఉన్న ప్యాంట్లన్నీ తిరగేసి పట్టుకుని దుకాణంలోకి దిగాడు. అక్క ఒక్కతే కూర్చుని బొత్తాలు కుడుతోంది.

"ఎక్కడ నీ మొగుడు? చూడు ఇది. కుట్టు మీద కుట్టు, దాని మీద ఇంకో కుట్టు."

"దొరికిపోయామన్నమాట," అంది అక్క.

"పోయామా? నువ్వు కూడానా?"

"మరి సూదిలో దారం ఎవరెక్కిస్తారనుకున్నావు? మీ బావకి దగ్గర చూపు ఆనదు."

బావమరిది స్టూలు మీద కూలబడ్డాడు. అక్క దారం కొరికి సూది పక్కన పెట్టింది.

"నాన్న ప్యాంట్లు కూడా మీ బావే కుట్టేవారు. ఏటా నాన్న వచ్చి, అల్లుడుగారూ, కాస్త వదులు చెయ్యండి అనేవారు. ఈయన సంబరంగా చేసేవారు. నాన్న ప్యాంటు ఎప్పుడూ బిగుతవ్వలేదు, అందుకే ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాన్న పోయాక ఆ ప్యాంట్లు తీసి, ఒక్కొక్క కుట్టూ చూసుకుని ఏడ్చారురా మీ బావ. నడుము చెప్తూనే ఉంది, నేనే దాని నోరు నొక్కేశాను అన్నారు. ఆ రోజు నుంచే ఈ తిక్క."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"డాక్టరు చెప్తే జోకులేశావు. మేం చెప్తే వింటావా?"

అంతలో బావ దారపు ఉండల పొట్లంతో లోపలికొచ్చాడు. బల్ల మీద తిరగబడి ఉన్న ప్యాంట్లు చూశాడు. ముఖంలో ఏ భావమూ లేకుండా ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరిదిరా ఈ కుట్టు? మరీ నాసిగా ఉంది."

"నీదే."

"అయితే బాగానే ఉంది."

బావమరిది తిట్టాలనుకున్న తిట్లన్నీ మరిచిపోయాడు. వాళ్ళ నాన్న తర్వాత తన గురించి ఇంత బెంగపడ్డ మనిషి ఈ దొంగేనని తెలిసి కళ్ళు తడిశాయి. లేచి వెళ్ళి బావని గట్టిగా కౌగిలించుకున్నాడు. చేతులు బావ వీపు మీద కలుసుకోవాలి కదా, కలుసుకోలేదు.

వెనక్కి జరిగి బావని తేరిపార చూశాడు. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషి. ఇన్నేళ్ళుగా వేసుకుంటున్నది ఎలాస్టిక్ పైజమా. అది ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు.

"నువ్వు బీపీ ఎప్పుడు చూపించుకున్నావు బావా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రంగా ఉన్న మాట నిజమే," అంది అక్క.

బావమరిది ఆయన మెడలోంచి టేపు లాగి నడుం చుట్టూ తిప్పాడు.

"ఊపిరి వదులు."

"వదిలాను."

"వదల్లేదు. చెవులు ఎర్రబడుతున్నాయి."

ఎంతైందో అక్క అడగలేదు, బావమరిది చెప్పలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి బావని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళారు. ఆయన బీపీ బిళ్ళలు రాశాడు, రోజూ నడవమన్నాడు.

నడక మొదలెట్టిన రోజు బావ మూడో మలుపు దాటకుండానే ఆగిపోయాడు. చెప్పు కరుస్తోందన్నాడు. ఇక ఇంటికి పోదామన్నాడు. బావమరిది నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని తన బూట్లు విప్పి బావ కాళ్ళకి తొడిగాడు, లేసులు కట్టాడు, ఆ కరిచే చెప్పుల్లో తను కాళ్ళు పెట్టుకుని, "ఇప్పుడు పద," అన్నాడు.