వాన ముత్తంగి దాటింది

దయ్యాలు, ఆత్మలు అన్నవి నా వరకు ఎప్పుడూ ఉత్త మాటలే. మా ఆయన పోయాక చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, "కలలకొచ్చిండు, నవ్వుకుంట నిలబడ్డడు" అని చెప్పారు. అందరి మాటా మర్యాదగా విన్నాను. ఒక్కటీ నమ్మలేదు. ఇది చదివేవాళ్లను కూడా నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేముండేది సంగారెడ్డిలో. మా ఆయన పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా పనిచేశారు. అక్కడ ఎక్కడైనా వేడి పెరిగినా, ఒక వాల్వు సరిగా మూసుకోకపోయినా తెర మీద ఒక బాక్స్ వస్తుంది, బజర్ మోగుతుంది. ఆపరేటర్ ముందు ఆ బాక్స్‌ను నొక్కాలి. చూశాను అని ఒప్పుకున్నట్టు. నొక్కగానే మోత ఆగుతుంది. అసలు పని ఆ తర్వాత.

ఏళ్ల తరబడి ఆ అలవాటున్న వేలితోనే ఆయన ఇంట్లో కంప్యూటర్ కూడా వాడేవారు. నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగితే సరే. ఈ టూల్‌బార్ పెట్టుకుంటారా అంటే సరే. మీ బ్రౌజర్ వేగం పెంచుతాం అంటే ఇంకా సంతోషంగా సరే.

"చదవకుండనే నొక్కుతరేంది?" అని కోప్పడేదాన్ని.

"అడిగినోళ్లకు జవాబియ్యాలె గదనే. లేకుంటే మోగుతనే ఉంటది."

ఆయన పోయాక ఆ కంప్యూటర్ తెరిస్తే అంగడిలా ఉండేది. రెండు బ్రౌజర్లు ఉన్నాయి, రెండింటిదీ ఒకటే గతి. బహుమతి వచ్చిందంటూ ఒక చక్రం తిరిగేది. మోకాళ్ల నొప్పుల నూనె, వైరస్ వచ్చిందని ఎర్రటి బెదిరింపు. ఏది వెతికినా పేరు తెలియని ఏదో పేజీకి పోయేది. తోడుగా ఉండడానికి వచ్చిన మా ఆడబిడ్డ పద్మ చూసి, "అన్న పోయిండు గని, అన్న పిల్సిన సుట్టాలు ఇంక పోతలేరు సూడు వదినా" అంది. ఆ ఇంట్లో మేము మళ్లీ నవ్వింది అప్పుడే.

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మార్కులు ఆ కంప్యూటర్‌లోనే ఎక్కించాలి. రిపేరు షాపు అతను మొత్తం ఫార్మాట్ చేద్దామన్నాడు. వద్దన్నాను. ఫైళ్ల కోసం కాదు.

ఆయన వెతికినవన్నీ బ్రౌజర్ దాచుకుంది. వెతికేచోట ఒక్క అక్షరం కొడితే చాలు, ఆయన పాత ప్రశ్నలు కిందికి జారేవి. తెలుగులోనే కొట్టేవారు, ఎదురుగా మనిషి ఉన్నట్టే. "జ" కొడితే "జామ చెట్టుకు చీమలు పట్టినయి". "మ" కొడితే "మా విమల చెవి నొప్పికి వేడి నూనె మంచిదేనా". విమలను నేనే. ఆ చెవి నొప్పి గురించి ఆయనతో ఒక్కసారి, మాటల మధ్యలో అన్నానంతే.

ఇంకో అలవాటు చెప్పాలి. పగటి షిఫ్టులో ఉన్నప్పుడు పటాన్‌చెరులో వాన పడితే ఫోన్ చేసేవారు. "వాన ముత్తంగి దాటింది, బట్టలు తీయ్." పటాన్‌చెరు నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఉంటుంది ముత్తంగి. వాన కూడా కంపెనీ బస్సెక్కి హైవే మీదుగా వస్తుందన్నట్టు. చాలాసార్లు వచ్చేది కాదు. "మీ వాన నడుమల్నే దిగిపోయినట్టుంది" అని ఏడిపించేదాన్ని.

ఆ మధ్యాహ్నం నేనే శుభ్రం చేద్దామని కూర్చున్నాను. పద్మ పక్కన మంచం మీద చింతపండు గింజలు తీస్తోంది. ముందు ఎవరికీ తెలియని ప్రోగ్రాములు తీసేశాను. తర్వాత రెండు బ్రౌజర్లలోనూ ఎక్స్‌టెన్షన్లు. ఆయన సరే అన్న సైట్ల జాబితా చాలా పొడుగు, ఒక్కొక్కటే తొలగించాను. హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ సరిచేశాను. కంప్యూటర్ ఆపి మళ్లీ తెరిచాను. చక్రం మళ్లీ తిరిగింది.

ఇక మిగిలింది బ్రౌజర్లు దాచుకున్నవన్నీ తుడిచేయడం. వాటితో పాటు ఆయన ప్రశ్నలు కూడా పోతాయి. ఈలోగా మళ్లీ ఏదీ చొరబడకుండా నెట్ వైరు పీకి పక్కన పెట్టాను. పీకాక కూడా చేతులు ఆడలేదు.

"మనసొప్పకుంటే ఉండనియ్యి వదినా. చక్రమే గద, తిరిగితే తిరగనియ్యి."

"మీ అన్న మాటలు గా చెత్త నడుమ పడి ఉండుడు నాకు మంచిగనిపిస్తలేదు పద్మా" అని తుడిచేశాను.

తర్వాత "మ" కొట్టి చూశాను. కింద ఏమీ రాలేదు. పద్మ కూడా గింజలు తీయడం ఆపింది.

అప్పుడు తెర కింద మూలన ఒక బాక్స్ వచ్చింది. బొమ్మ లేదు, సైటు పేరు లేదు. పద్మ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది. "వాన ముత్తంగి దాటింది."

పీకిన నెట్ వైరు కీబోర్డు పక్కనే ఉంది. కిటికీలో ఎండ కాస్తోంది.

ముందు లేచింది పద్మే. "బట్టలు వదినా" అంటూ మేడ మెట్లెక్కింది. ఆలోచించలేదు, నా వేలు దానంతటదే బాక్స్‌ను నొక్కింది. బాక్స్ పోయింది. పద్మ బట్టలు భుజాన వేసుకుని దిగేసరికి రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది.

ఆ సాయంత్రం అన్నీ వెతికాను. అనుమతించిన సైట్ల జాబితా రెండు బ్రౌజర్లలోనూ ఖాళీ. కొత్త ప్రోగ్రాము లేదు. ఆయనే ఎప్పుడో పెట్టుకున్న రిమైండర్ ఉందేమోనని చూశాను, లేదు. రిపేరు షాపు అతను "ఏదో వెదర్ యాప్ ఉంటది మేడం" అన్నాడు. ముత్తంగి దాటిందని చెప్పే యాప్ ఎవరు తయారుచేస్తారు?

చక్రం మళ్లీ రాలేదు. ఆ బాక్స్ కూడా రాలేదు. ఆ తర్వాత ఎన్నో వానలు పడ్డాయి, రెండుసార్లు బట్టలన్నీ తడిసిపోయాయి. నొక్కితే మోత ఆగుతుందని చెప్పింది ఆయనే. నొక్కకుండా ఉండాల్సిందా? అసలు అది ఏమిటి? నాకు ఇప్పటికీ తెలియదు.

మబ్బు పట్టిన రోజు మాత్రం కంప్యూటర్ ఆపను.