ఎవరూ నాటని చెట్టు

కరేబియన్ దీవులకి వెళ్దామనుకుంటున్నానని మొదటిసారి బయట అన్నప్పుడు అందరూ ఒకే ప్రశ్న అడిగారు.

"సీటు ఎవరికండీ?"

కోనసీమలో కరేబియన్ అంటే రెండే సంగతులు. ఒకటి క్రికెట్టు. రెండోది, ఇక్కడ మెడికల్ సీటు రాని పిల్లలు వెళ్ళి డాక్టర్లయి వచ్చే చోటు. సీటు కోసం కాదండీ, అడివి చూడ్డానికి అని నేను చెబితే, ఎదుటివారు నా నెరిసిన జుట్టు వంక కాసేపు చూసి, "పోనీలెండి, ఏ వయసులో చదివినా చదువే" అనేవారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మళ్ళీ చదవాల్సినంత పాపం ఏం చేశానో నాకు తెలియదు.

అయితే ఈ గొడవకి మూలం మాత్రం సీటే. మా అన్నయ్య కూతురు డొమినికా అనే దీవిలో వైద్యం చదువుతోంది. ఓ సాయంత్రం, అంటే దానికి పొద్దున్న, వీడియోలో మాట్లాడుతూ లేచి కిటికీ తెరిచింది. వెనకాల కొండ, కొండ నిండా చెట్లు.

"ఆ తోట ఎవరిదే?" అని అడిగాను.

"తోట కాదత్తా, అడివి. ఎవరిదీ కాదు. ఎవరూ నాటలేదు."

అప్పట్నించీ నాకు వేరే ధ్యాస లేదు.

దీనికి కారణం చెప్పాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏటా పిల్లలకి వర్షారణ్యం పాఠం చెప్పాను. రంగు సుద్దలతో బోర్డు నిండా బొమ్మ వేసేదాన్ని. పైన ఆకాశాన్నంటే చెట్లు, వాటి కింద గుబురు, దాని కింద తీగలు, అడుగున నాచు. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "ఇన్ని చెట్లు ఎవరు నాటేరండి?" అని అడిగింది. ఎవరూ నాటలేదన్నాను. "నాటకుండా చెట్టెలా వత్తాదండీ?" అంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అందరిదీ అదే సందేహం.

వాళ్ళననడానికి లేదు. మా వైపు ఎటు చూసినా పచ్చగానే ఉంటుంది, కానీ ప్రతి పచ్చదనం వెనకా ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక పార ఉంటాయి. కొబ్బరి మా తాతలు పాతింది, అరటి నిరుడు పాతింది, వరి మొన్న నాటింది. కాలవ గట్టు మీద నిద్రగన్నేరుకి కూడా దాన్ని నాటించిన ఆఫీసు ఒకటి ఉంది. గాలి మోసుకొస్తుంది, పిట్టలు వేస్తాయి అని పుస్తకంలో ఉన్న ముక్కలు చెప్పి ఆ పిల్లని కూర్చోబెట్టాను. ఇంటికొస్తూ దారి పొడుగునా వెతికాను. ఎవరూ నాటలేదని ఖాయంగా చెప్పగలిగిన చెట్టు ఒక్కటీ కనబడలేదు. అప్పటికి నా పాఠం మీద నాకే నమ్మకం పోయింది.

కాబట్టి నాకు కావలసింది చిన్నదే. ఎవరూ నాటని చెట్టు కింద, ఎవరూ నాటని చెట్ల మధ్య, ఓ పూట నిలబడాలి. మోకాళ్ళ డాక్టరు గారు ఎక్స్-రే దీపం ముందు పెట్టి చూసి, "ఎక్కాలనుకున్న కొండలేవైనా ఉంటే ఇప్పుడే ఎక్కేయండి. తరవాత నా దగ్గరికి ఎలాగూ వస్తారు" అన్నారు. అలా చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం.

"అడివే కావాలంటే మారేడుమిల్లి ఉంది కదండీ" అంటారు. ఉంది. వెళ్ళాను. మా వారితో వెళ్ళాను, అదీ వచ్చిన చిక్కు.

మా వారిది కొబ్బరి వ్యవసాయం. పెరట్లో జానెడు చోటు ఖాళీగా కనబడితే ఆయన నిద్రపోలేరు. కొబ్బరి మధ్య కోకో వేశారు, కోకో సందుల్లో కంద వేశారు, కొబ్బరి మీదికి మిరియం పాకించారు. నేను బట్టలారేసుకునే తీగ కింద ఓ రోజు పసుపు మొలిచింది. మారేడుమిల్లిలో జీపు దిగి నాలుగు పక్కలా చూసి, "ఎంత ఇరుగ్గా ఉన్నాయో చూడు. గాలాడదు. ఒకటి విడిచి ఒకటి తీసెయ్యాలి" అన్నారు. ఆ తరవాత ఏ చెట్టు చూసినా నాకు అది తియ్యాలా ఉంచాలా అనే కనిపించింది. కాసేపటికి ఆయనకి ఒక కాఫీ తోట కంచె దొరికింది. అక్కడి కాపలా మనిషితో మిరియం తీగ గురించి సాయంత్రం దాకా మాట్లాడారు. నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కన నించున్నాను. అడివికి వెళ్ళి తోట చూసొచ్చాను.

అయినా ఆయన్ని వదిలి వెళ్ళాలన్న ఆలోచన నాకు రాలేదు. మా ఇళ్ళల్లో ఆడది ఒంటరిగా రాజమండ్రి కళ్ళాసుపత్రికే వెళ్ళదు. "డొమినికా వెళ్దామా?" అంటే ఆయన, "ఆయ్, వెళ్దాం. రెండు దింపుల మధ్య చూడు" అన్నారు. కొబ్బరికాయలు కోయించడాన్ని మా వైపు దింపు అంటాం. మా ఇంట్లో పెళ్ళిళ్ళు, ఆపరేషన్లు, తీర్థయాత్రలు అన్నీ రెండు దింపుల మధ్యే జరిగాయి. మా పెద్దమ్మాయి మాత్రం సరిగ్గా దింపు రోజునే పుట్టింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ గుర్తు చేస్తూంటారు.

అక్కడి దాకా బాగానే ఉంది. ఆ తరవాత మర్యాద అడ్డొచ్చింది.

మా వైపు అన్నం తింటూండగా గుమ్మం ముందు నించి ఎవరు వెళ్తున్నా, "భోంచేద్దురుగాని రండి" అని పిలవాలి. వెళ్ళేవారు "కానివ్వండి, ఇప్పుడే అయింది" అనాలి. పొద్దుటి నించీ మంచినీళ్ళు ముట్టకపోయినా అయిందనే అనాలి. ఎవరూ ఎవరింట్లోనూ తినరు, ఇద్దరి మర్యాదా దక్కుతుంది. మా వారు ఈ పద్ధతిని డొమినికాకి వాడారు. ప్రయాణం మాట ఎవరితో చెప్పినా చివర, "మీరూ రండి, సరదాగా ఉంటుంది" అని తగిలించారు.

అన్నానికైతే వద్దని ఎలా అనాలో అందరికీ తెలుసు. డొమినికాకి వద్దని ఎలా అనాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడే వెళ్ళొచ్చామండి అనడానికి లేదు. పైగా బయల్దేరేవాళ్ళు నోరారా పిలిస్తే కాదనడం అపశకునం. అందుకని రాజోల్లో ఉండే మా వదినగారు, అంటే మా వారి అక్కగారు, "అలాగేరా తమ్ముడూ" అన్నారు. మా కాయలు కొనే షావుకారు గారు, "ఆయ్, తవరు పిలిస్తే రాకుండా ఉంటానా అండీ" అన్నారు. నాతో పనిచేసిన హిందీ టీచరు, పాపం ఏదో పుస్తకం ఇచ్చి పోదామని వచ్చింది. గుమ్మం దిగే లోపల ఆవిడ కూడా డొమినికా వచ్చేస్తోంది.

ఇంతమంది వెళ్తున్నప్పుడు భోజనం సంగతి చూడాలి కదా. కాశీ బస్సుల్లో యాత్రికులకి వండిపెట్టే వంటాయన్ని పిలిపించారు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, "అక్కడ నీళ్ళెలాగుంటాయండీ? పప్పు ఉడుకుద్దా?" అని అడిగాడు. మేనకోడలికి ఫోను చేసి కనుక్కున్నాం. వైద్యం చదివే పిల్ల పొద్దున్నే లేచి పప్పు నానబెట్టింది.

ఆదివారం ఆదివారం మా అరుగు మీద సమావేశాలు. కాఫీలు, గారెలు నావి. ఒక్కో సమావేశానికీ నా అడివి కొంచెం కొంచెం తరిగిపోయింది. అక్కడ గుడి ఉందా అని వదినగారు అడిగారు. డొమినికాలో కనబడలేదు గానీ ఇంకో దీవిలో ఉందట. ఆ దీవి చేరింది. షావుకారు గారు అక్కడి కొబ్బరికాయ పరిమాణం చూడాలన్నారు. కొబ్బరితోట చేరింది. కొబ్బరితోట చూడ్డానికి భూగోళానికి అవతలి పక్కకి వెళ్ళాలా అని నేను పైకి అనలేదు. మనసులో చాలాసార్లు అన్నాను.

ఆ దీవి అడివి మధ్యలో మరిగే సరస్సు ఒకటి ఉంది. భూమి వేడికి నీళ్ళు కుతకుతలాడతాయట. చేరుకోవాలంటే అడివిలోంచి పొద్దుటి నించీ నడవాలి. నాకు కావలసింది ఆ సరస్సు కాదు, ఆ దారి. నేను ఆ దారి గురించి చెప్పడం పూర్తి చేశాక షావుకారు గారు కప్పు కింద పెట్టి నెమ్మదిగా, "మరిగే నీళ్ళు చూడ్డానికి అంత దూరం నడవడం దేనికండీ?" అన్నారు. వంటాయన నేలకేసి చూసి నవ్వుకున్నాడు. చివరికి అడివిని బస్సులోంచి చూడాలని తీర్మానం అయింది. నేను కాదన్నాను. అందరూ, "తవరెలా అంటే అలాగేనండి" అన్నారు. బస్సు మాత్రం ఉండిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అందరూ నా మాట తలవంచి విన్నారు. మెత్తటి పరుపు మీద పడి దెబ్బలు తగిలించుకున్నట్టుంది నా పని.

తరవాత వారంలో హిందీ టీచరు కూరగాయల సంచీతో వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి గొంతు తగ్గించింది. "నాకు విమానం అంటే భయమండీ. కానీ మీవారు అంత ఆప్యాయంగా పిలిచేరు, ఎలా కాదనను? మీరేం అనకండేం, బాధపడతారు." మర్నాడు వదినగారు ఫోను చేశారు. "నాకెందుకే ఈ వయసులో దీవులు? తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. వాడితో అనకు." ఆ తరవాత షావుకారు గారు గేటు దగ్గరే నిలబడి, లోపలికి రానంటూ, తన సంగతీ అదే అని మూడు విధాల చెప్పారు. వంటాయన కూడా వచ్చాడు. "మా ఆవిడ ఒద్దంటందండి" అన్నాడు.

ఒక్కరికీ రావాలని లేదు. అందరూ వస్తున్నారు. పిలిచినాయనకీ వాళ్ళు రావాలని ఉండి ఉండదు. ఇదంతా చూసేసరికి కోపం పోయి నాకు భయం వేసింది. ఇంత మంచివాళ్ళు నలుగురు చాలు, మనిషి జన్మలో ఏ అడివీ చూడకుండా ఉండిపోవడానికి.

ఆ వచ్చిన ఆదివారం అందరికీ గారెలు పెట్టి, నిలబడే చెప్పాను. "ఏమీ అనుకోకండి. మీరెవరూ రావద్దు. నాకు ఇంతమందితో వెళ్ళడం ఇష్టం లేదు."

మా అరుగు మీద అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. మా వారు గారె పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేశారు. వదినగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కాసేపటికి షావుకారు గారు, "ఆయ్" అన్నారు. అని, ఇంకో రెండు గారెలు వేయించుకున్నారు. ఆయన అంత మనశ్శాంతిగా తినడం ఆ సమావేశాలన్నిట్లోనూ అదే మొదలు. వదినగారు మాత్రం పద్ధతి తప్పకుండా, "ఎంత మాటన్నావే" అని, వెళ్తూ వెళ్తూ ప్రయాణానికి మాగాయి పంపిస్తానన్నారు.

ఇక మిగిలింది ఒక్కరే. ఆ సాయంత్రం వెలుగు ఉండగానే తోటలోకి వెళ్ళాను. ఆయన కోకో కొమ్మలు కత్తిరిస్తున్నారు.

"మీరూ మొహమాటానికేనా?" అని అడిగాను.

ఆయన పట్టుకున్న కొమ్మ కత్తిరించి కింద పడేసి, "ఆయ్" అన్నారు.

ఇంకో కొమ్మ వంచి పట్టుకుని ఆయనే అందుకున్నారు. "నేను రానే. నేనొస్తే నిన్ను అడివి చూడనివ్వను. ఇది తియ్యాలి, దానికి ఎరువెయ్యాలి అంటానే ఉంటాను. మారేడుమిల్లిలో అదే చేసేను. నువ్వు నీళ్ళ సీసా పట్టుకుని నించున్నావు. చూసేను."

చూశారని నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ సీసా బరువు నేనొక్కదాన్నే మోశాననుకున్నాను. కాపురానికి వచ్చిన దగ్గర్నించీ ఆయన నాకు ఎప్పుడూ దేనికీ కాదని చెప్పలేదు. అన్నిటికీ ఆయ్ అనేవారు, సగం జరిగేవి కాదు. ఆయన నోట విన్న మొదటి "రాను" అది. పెళ్ళిలో చేసిన ప్రమాణాల కంటే అదే నాకు నచ్చింది.

"ఒక్కదాన్నీ వెళ్ళనా?"

"మేనకోడలుంది కదా. దింపు గొడవ నువ్వు పెట్టుకోకు. నీకెప్పుడు వీలైతే అప్పుడెళ్ళు."

కాసేపు పని చేసుకుని, మళ్ళీ ఆగి, "అక్కడ కాయ రాలితే ఎవరు ఏరుకుంటారు?" అని అడిగారు.

"ఎవరూ ఏరుకోరు. మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే కుళ్ళిపోతుంది."

"పాదు చెయ్యరూ?"

"చెయ్యరు."

ఆయన తలెత్తి తన తోట ఆ చివర నించి ఈ చివర దాకా చూశారు. వెనక బెంచీ పిల్ల మొహం లాగే ఉంది ఆయన మొహం.

"అయితే చూసి రా" అన్నారు. "నిజమో కాదో వచ్చి నాతో చెప్పు."

"నిజమే అంటే నమ్ముతారా?"

"పుస్తకంలో ఉందంటే నమ్మను. నువ్వు చూసేనంటే నమ్ముతాను."

ఆ తరవాత కింద పడ్డ కొమ్మలు ఒక్కటీ వదలకుండా ఏరి కుప్ప వేశారు. నేనూ ఓ చెయ్యి వేశాను.