భద్రమ్మకు బిళ్ళ కట్టలేదు

చాలా ఏళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. చిన్నదే. మొన్నమొన్నటి దాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీ దగ్గర నోరు విప్పుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో నేను వ్యాయామ టీచర్‌గా పనిచేసేదాన్ని. భద్రమ్మ అక్కడ తొమ్మిదో తరగతి చదివేది. వాళ్ళ నాయనమ్మ పేరే దానికి పెట్టారు. "ఏమే ముసలమ్మా" అని నేను ఏడిపిస్తే, నడుం వంచి కర్ర పట్టుకున్నట్టు నటిస్తూ గ్రౌండంతా తిరిగి అందరినీ నవ్వించేది. కబడ్డీలో కూతకు వెళ్ళిందంటే మాత్రం ముసలమ్మ కాదు, దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. సెలవుల నుంచి వస్తూ నాకోసం తునికి పండ్లు తెచ్చేది. దారిలో సగం తినేసేది, ఆ సంగతి తనే చెప్పేది. నాకు ఆడపిల్లలు లేరు. అదంటే నాకు ప్రాణం. అంత ప్రాణమైన పిల్లకు ఎలా చేశాను ఆ పని?

మా వైపు కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. తొడ మొదట్లో ఉసిరికాయంత గడ్డ లేస్తుంది. కాపడం పెడతారు, పుండు మానితే గడ్డా పోతుంది. అందుకే గజ్జల్లో నొప్పి అనగానే ఎవరైనా ముందు అరికాలు తిప్పి చూస్తారు. ఆటలో కండరం చీలినా సరే, అరికాలే చూస్తారు.

మా జట్టు మొదటిసారి జిల్లా ఫైనల్‌కు వచ్చింది. ఆట కొత్తగూడెంలో. దానికి ముందురోజు పొద్దున పిల్లలంతా టిఫిన్‌కు వెళ్ళాక భద్రమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. గజ్జల మాట సార్ల ముందు ఎత్తడానికి సిగ్గు.

"టీచర్, గజ్జల బిళ్ళ గట్టినట్టుంది. కాలు దగ్గరికి తీస్తుంటే గుంజుతున్నది."

"ఎప్పటి సంది?"

"నిన్న కూతకు పోయి కాలు సాపినప్పటి సంది. ముల్లు గుచ్చుకొని శానా దినాలాయె గద టీచర్. ఇప్పుడు గడుతదా?"

చూశారా, దానికే అనుమానం వచ్చింది. నాకు అనుమానం కూడా కాదు, తెలుసు. అంతకుముందే ఖమ్మంలో జరిగిన శిక్షణలో ఒక ఫిజియో మేడం కండరం దెబ్బను ఎలా గుర్తుపట్టాలో మాకు చేసి చూపించింది. పిల్లను పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య నా పిడికిలి పెట్టి, నొక్కమన్నాను. భద్రమ్మ పెదవి కొరుక్కుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేళ్ళతో తడిమితే గడ్డ లేదు. ఒళ్ళు వెచ్చగా లేదు. అరికాలి పుండు ఎప్పుడో మానిపోయింది. నొప్పంతా తొడ లోపలి కండరం ఎముకను పట్టుకునే చోటే ఉంది.

"బిళ్ళే తియ్యవే. కాపడం పెడితే జల్దీ కరుగుద్ది."

"అయితే ఆడొచ్చా?"

"ఆడు."

ఎందుకన్నాను? బడి పేరు కోసమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. కప్పు పట్టుకుని ఫోటోలో నిలబడాలని నాకే ఉంది. ఇంకెవరికీ లేనంతగా నాకే ఉంది.

మర్నాడు రెండో సగంలో భద్రమ్మ బోనస్ గీత మీదికి కాలు చాపింది. కింద పడలేదు. అలాగే నిలబడి నా వైపు చూసింది, ఇప్పుడేం చేయమంటారు టీచర్ అని అడుగుతున్నట్టు. తర్వాత కూలబడింది. కండరం తెగుతూ తుంటి ఎముక అంచు నుంచి చిన్న ముక్కను కూడా లాక్కుపోయిందని దవాఖానాలో చెప్పారు. నెలల తరబడి మంచం. నడక వచ్చింది కానీ కూతకు వెళ్ళే కాలు తిరిగి రాలేదు.

వాళ్ళమ్మ దాన్నే తిట్టింది, చెప్పుల్లేకుండా వాగుకు పోయి ముల్లు తొక్కావని. "నా తప్పే టీచర్" అని భద్రమ్మ నాకే చెప్పి ఏడ్చింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? బజారుకు వెళ్ళి దానికి కొత్త చెప్పుల జత కొనుక్కొచ్చాను. ఆ పిల్ల మురిసిపోయింది. ఆడించడం కన్నా ఆ చెప్పులు కొనివ్వడమే నా పెద్ద పాపమని ఇప్పుడనిపిస్తుంది. అబద్ధాన్ని దాని కాళ్ళకు నేనే తొడిగాను.

ఇప్పుడు భద్రమ్మ తన ఊళ్ళోనే పిల్లలకు కబడ్డీ నేర్పుతోంది. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి, తిన్నారా, బీపీ గోళీ వేసుకున్నారా అని ఆరా తీస్తుంది. ఒక ఆదివారం ఉత్సాహంగా చెప్పింది, జట్టులో ఒక పాపకు కూతలో కాలు చాపితే గజ్జల్లో పట్టేసిందట. తను నా దగ్గర నేర్చుకున్నట్టే కాపడం పెట్టి, నూనె రాసి రుద్దిందట. రెండ్రోజుల్లో ఆటకు దింపుతుందట.

నా అబద్ధం ఒక్క పిల్లతో పోయిందనుకున్నాను. అది నేను నేర్పిన చదువై భద్రమ్మ చేతుల్లోకి పోయింది. ఇంకెంతమంది పిల్లలకు పోతుంది?

"ఆడించకు" అన్నాను. వేడి వద్దు, రుద్దడం వద్దు, చల్లటి గుడ్డ పెట్టి దవాఖానాలో చూపించమన్నాను. నడిచినా, మోకాళ్ళ మధ్య పిడికిలి నొక్కినా నొప్పి లేదన్నాకే, మెల్లగా పరుగు, ఆ తర్వాతే కూత అన్నాను. భద్రమ్మ బుద్ధిగా ఊ కొట్టింది. ఇక ఆపుకోలేకపోయాను. నీకు ఆ రోజు బిళ్ళ కట్టలేదని, తెలిసే ఆడించానని చెప్పేశాను.

భద్రమ్మ ఒక్కటే అడిగింది.

"నాకు గూడ గిట్లనే చేసుంటే తగ్గేదా టీచర్?"

"తగ్గేదమ్మా."

ఫోన్ పెట్టేసింది. ఆ పాపను ఆటకు దింపలేదని మాత్రం వాళ్ళ ఊరి టీచరమ్మ ద్వారా తెలిసింది. ఆ తర్వాత ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. బీపీ గోళీ వేసుకున్నానో లేదో అడిగేవాళ్ళు లేరు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. కానీ నిజం చెప్పాలి మీకు. ఆ ఫోన్ పెట్టేశాక, ఎన్నో ఏళ్ళకు, నేను కడుపునిండా అన్నం తిన్నాను.